గడ్డి మందుకు చావని పత్తి

చండూరు,
17-5-2022

బిడ్డా సంధ్యా,

మంచిగున్నవా. నేను, మీ చిన్నాయిన మంచిగనే ఉన్నం. ఎండలు మండుతున్నయి. మగ్గం గుంతల కాళ్లు పెట్టుకుంటే సల్లగ ఉంటదని మీ చిన్నాయిన పని లేకున్నా పోయి అండ్లనే కూసుంటుండు. నూలు లేదు, ఆర్డరు లేదు. ఉత్త మగ్గం ముంగట కూసున్న మనిషిని చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు.

ఈ ఉత్తరం రమ చేత పంపుతున్న. మన ఇంటెనుక రమ, దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంల పని చేస్తది, యాదికుంది గద. ఉత్తరంతోని ఒక చిన్న మూట ఉంటది. పత్తి గింజలు. పైన రంగు చూసి కంపెనీయి అనుకునేవు, ఆ రంగు ఊర్లె గింజలమ్మే మన సైదులు పూసిండు.

ఫోన్ల ఎందుకు చెప్తలేనంటే, మొన్న పక్కూర్ల ఒకాయన ఫోను పోలీసోళ్లు గుంజుకొని వాట్సాపులన్ని చదివిన్రట. ఉత్తరం ఎవ్వడు చదువుతడు? హాస్టల్ల సిస్టర్లు నీతోని ఆదివారం ఆదివారం ఉత్తరం రాయించేటోళ్లు. నీకు జవాబు రాసుకుంట రాసుకుంట నాకు గూడ రాసుడు అలవాటైంది. గదిప్పుడు పనికొచ్చింది.

సంగతేందంటే, పోయినేడు మన కౌలు చెల్క ఏమైందో నీకు ఎరుకే. ముసురు పట్టింది, గడ్డి మోకాళ్ల దాక లేసింది. కలుపుకు గోపమ్మ ముఠాను పిలువబోతే ఆమె ఏమన్నదో ఎరుకేనా? "ముందుగాల పెద్ద చెల్కలు. మీ సాలోళ్ల చెల్క ఎనుక చూస్త. నేసేటోళ్లు నెయ్యక దున్నొస్తే గిట్లనే ఉంటది రాజమణీ" అన్నది. నలుగుట్ల నవ్విన్రు. ఆమె వచ్చేటాళ్లకు గడ్డిల పత్తి ఏడున్నదో దేవులాడుడైంది. మీ చిన్నాయిన వంగలేడు, చిన్నప్పటి సంది మగ్గం మీద కూసున్న నడుమాయె. నేనొక్కదాన్ని ఎంత తీస్త?

గిప్పుడు సైదులు ఏమంటుండంటే, ఈ విత్తనం పెడితే పత్తి మొలిచినంక చేనంత గడ్డి మందు కొట్టొచ్చునట. గడ్డి చస్తదట, పత్తి చావదట. ఊర్ల సగం మంది తీసుకున్నరు. సంచి లేదు, పేరు లేదు, బిల్లు లేదు. గద్వాల దిక్కుకెళ్లి తెచ్చిన్నంటడు. ఈ యేడు గూడ పంట పోతే చెల్క వేరేటోళ్లకు ఇస్తనని ఆసామి మొఖం మీదనే చెప్పిండు. మగ్గం ఎట్లయిందో చూస్తున్నవు. చెల్క గూడ పోతే మేము ఏడ ఉండాలె బిడ్డా.

నువ్వు పనిచేసేది విత్తనాలు చూసే కాన్నే గద. జర చూసి చెప్పు. గడ్డి మందుకు చావని రకమేనా ఇది, లేకుంటే సైదులు నోటికొచ్చింది చెప్తుండా?

యాళ్లకు తిను. పుస్తకం పట్టుకొని అన్నం మర్సిపోకు.

నీ చిన్నమ్మ
రాజమణి


హైదరాబాద్,
22-5-2022, ఆదివారం

చిన్నమ్మా,

మూట అందింది. ముడి చూడగానే నీదే అని తెలిసింది. రంగు అద్దేముందు నూలుకు చిటికి కట్టే ముడి వేశావు. పంటితో విప్పాల్సి వచ్చింది.

ముందు ఒక మాట చెప్పాలి. ఈ రకం విత్తనాన్ని మన దేశంలో అమ్మడానికీ విత్తడానికీ ప్రభుత్వ అనుమతి లేదు. పురుగును తట్టుకునే పత్తికి ఉంది, మీరు ఇన్నేళ్లూ వేసింది అదే. కలుపు మందును తట్టుకునే పత్తికి లేదు. అది వస్తే మందు వాడకం పెరిగిపోతుందని, పక్క చేలలోకి పాకుతుందని, కలుపు తీసే ఆడవాళ్లకు పని ఉండదని అభ్యంతరాలు ఉన్నాయి. కావాలనేవాళ్లూ ఉన్నారు. ఢిల్లీలో ఒక కమిటీ తేల్చాలి. ఏళ్లయినా తేల్చలేదు. ఈలోగా పట్టుబడిన విత్తనాలు మా దగ్గరికి వస్తాయి. ఆ జన్యువు ఉందో లేదో చూసి రాయడం నా పని. ఉంది అంటే కేసు.

నిజానికి నీ గింజలు చూడాలని నాకు లేదు. నేనిక్కడ కాంట్రాక్టు మీద ఉన్నాను. మా ల్యాబు పెద్ద మేడమ్‌ను అడిగే ధైర్యం లేదు. ఆవిడతో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఈ ఉత్తరంలో సగం కూడా ఉండవు. గడువు దాటిన పరీక్ష పట్టీ ఒకటి పారేయడానికి పెట్టి ఉంటే, అందరూ భోజనానికి వెళ్లినప్పుడు దానితో చూశాను. కరోనాకు చేసినట్టే ఉంటుంది. ఒక గీత వస్తే లేదు, రెండు గీతలు వస్తే ఉంది.

రెండు గీతలు వచ్చాయి. ఉంది.

కాబట్టి విత్తకు చిన్నమ్మా. సైదులు మామకు తిరిగి ఇచ్చేయి. దుకాణంలో బిల్లుతో వచ్చే విత్తనమే వేయి. కలుపుకు ఏం చేయాలో నాకు తెలియదు. తెలియదనే రాస్తున్నాను.

చిన్నాయనను గుంతలో కూర్చోనివ్వు. సెలవుల్లో నేనూ అక్కడే కూర్చుని చదువుకునేదాన్ని. ఆ ఇంట్లో అంత మంచి చోటు ఇంకొకటి లేదు.

నీ సంధ్య


చండూరు,
20-6-2022

బిడ్డా సంధ్యా,

నీ ఉత్తరం మీ చిన్నాయినకు చదివి వినిపించిన. "ఉంది" అన్న కాడ ఆపమన్నడు. "మల్లొకసారి చదువు" అన్నడు. చదివిన. లేసి నిలవడి తువ్వాల దులుపుకొని "ఇగ చాలు" అనుకుంట బయటికి పోయిండు. "విత్తకు" అన్న ముక్క గూడ చదివిన బిడ్డా, నేను దాచలే. కాని అప్పటికే ఆయన గల్మ దాటిండు. మల్ల చెప్తే "దానికి ఉద్యోగం గద, గట్లనే రాస్తది. మనకు కావాల్సింది చెప్పింది, దానికి కావాల్సింది గూడ చెప్పుకున్నది" అన్నడు.

కోపం చెయ్యకు. మిరుగు కార్తె రాంగనే మంచి పదును దొరికింది, పెట్టినం. సాలు సాలుకు నేను గింజేసుకుంట పోతుంటే ఆయన ఎనుకకెళ్లి కాలుతోని మట్టి కప్పుకుంట వచ్చిండు. వారానికంత మొలిచినయి. సాలు తప్పకుంట మొలిచినయి. నువ్వు చూస్తే సంబరపడుదువు.

ఢిల్లీల తేలలేదని రాస్తివి. మంచిదే. తేలేదాక గడ్డిని గూడ ఆగుమని చెప్పమను.

ఊర్లె దాడులైనయి. వ్యవసాయం సారు, ఇద్దరు పోలీసోళ్లు జీపుల వచ్చి మందుల దుకాణంల లూజు గింజలు పట్టుకొని పోయిన్రు. సైదులు కల్వకుర్తిల అత్తగారింటికి ఉరికిండు. "ఇన్నేండ్లకు అల్లుడు అత్తగారింట్ల ఇన్ని దినాలుండె" అని ఊరంత నవ్వుతున్నరు.

గోపమ్మ బోరింగు కాడ కలిసింది. "ఏం రాజమణీ, ఇగ మాతోని పని లేదట గద. గడ్డి మందే కైకిలి జేస్తదట. దానికి సద్ది గట్టుకపోతున్నవా మరి?" అన్నది. నేను బిందె ఎత్తుకున్న. ఎనుకటి నవ్వు నేను మర్వలేదు గాని, ఆమె మొఖం చూస్తే ఈసారి అది నవ్వు తీరుగ లేదు. ముఠాల ఆడోళ్లందరు అరుగు మీద ఊకనే కూసున్నరు.

ఇంకొకటి. మగ్గం విప్పినం. కట్టెలన్ని అటుక మీద పెట్టిచ్చిండు మీ చిన్నాయిన. గుంత పూడ్చిండు. ఆ జాగల పత్తి నింపాలెనట. ఇంకా మొలిచి నాలుగు ఆకులు కాలే, పత్తికి జాగ చేస్తుండు.

గడ్డి మందు డబ్బా తెచ్చి పెట్టుకున్నం. ఎమ్మటే కొట్టం. ముందుగాల రెండు సాళ్ల మీద కొట్టి, పది దినాలు చూసి, పత్తి మంచిగుంటేనే చేనంత కొడ్తం. గంత ఎడ్డోళ్లం కాదు, ఫికర్ చెయ్యకు.

నీ చిన్నమ్మ


హైదరాబాద్,
26-6-2022, ఆదివారం

చిన్నమ్మా,

విత్తకు అని రాశాను. విత్తామని రాశావు. కోపం లేదు. ఏం రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను, అంతే.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి భయంగా ఉంది. గడ్డి మందు ఈ కాలంలో దుకాణాల్లో అమ్మకూడదని మళ్లీ ఉత్తర్వులు వచ్చాయట. ఇప్పటివరకూ గింజలే వచ్చేవి. ఈ వారం నుంచి చేలలో కోసిన ఆకులు కూడా వస్తున్నాయి. కవర్ల మీద మన జిల్లా పేరు, నల్లగొండ అని చూస్తే వాటిని ఆఖరుకు పెట్టుకుంటున్నాను. ఇళ్లు కూడా వెతుకుతారని ఇక్కడ అనుకుంటున్నారు. గడ్డి మందు డబ్బా దొరికితే చేనులో ఏ విత్తనం ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ డబ్బాను ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచకు. ఈ ఉత్తరం చదివిన వెంటనే చిన్నాయనకు చెప్పు.

గుంత ఎందుకు పూడ్చారు? నేను అడగకూడదేమో. కానీ పూడ్చేముందు ఒక మాట రాయాల్సింది.

హాస్టల్‌లో ఉన్నప్పుడు సిస్టర్ మా ఉత్తరాలు చదివి, భయపెట్టే మాటలు కొట్టేసి పంపేది. ఇంట్లోవాళ్లు కంగారు పడతారని. ఇప్పుడు కొట్టేసేవాళ్లు లేరు. అన్నీ అలాగే వస్తున్నాయి నీకు.

నీ సంధ్య


చండూరు,
9-7-2022

బిడ్డా సంధ్యా,

నీ ఉత్తరం అందిన నాడే మీ చిన్నాయిన పంపు కిరాయికి తెచ్చిండు. డబ్బా ఇంట్ల ఉండొద్దంటివి. గంత పిరం మందు మోరిల పారబోస్తమా? దొరకకుంట గూడ అయితదంటివి. రెండు సాళ్ల మీద కొట్టి చూసుకుంట కూసుంటే ఈలోపట సార్లు రానే వస్తరాయె. తెల్లారి వాన లేదు, గాలి లేదు. చేనంత కొట్టినం. డబ్బా కడిగి, కాలవెట్టి, బూడిద గూడ లేకుంట చేసినం. నువ్వు చెప్పినట్టే అయింది.

వారమాయె. గడ్డి పసుపు తిరిగి పండువారింది. గరిక సుత మాడింది. గోపమ్మ ముఠా పక్షం దినాలు వంగినా గంత సాఫు కాదు. మొదలు రెండు మూడు దినాలు మీ చిన్నాయిన గట్టు మీద నిలవడి వచ్చేటోళ్లను పోయేటోళ్లను పిలిచి చూపెట్టిండు.

పత్తి గూడ జర పండువారింది బిడ్డా.

కల్వకుర్తికి ఫోను చేస్తే సైదులు "రంగు మారుతది వదినా, దెబ్బకు బెదురుతది. వారంల మల్ల పచ్చగైతది" అంటుండు. నిన్నటి సంది ముసురు పట్టింది. వానకు తేరుకుంటదని నేను గూడ అనుకుంటున్న. కాని పొద్దుగాల పోయి చూస్తే కొసలు వాలి ఉన్నయి. ఆడొకటి ఈడొకటి మాత్రం ఏం కానట్టే పచ్చగ నిలవడ్డయి. అవ్వి ఎందుకు అట్లున్నయో, తక్కినయి ఎందుకు ఇట్లున్నయో తెలుస్తలేదు.

నువ్వు ఉందన్నవు. ఉన్నప్పుడు చావదు. గంతే గద? జర జల్ది రాయి.

చిన్నమ్మ


హైదరాబాద్,
17-7-2022, ఆదివారం

చిన్నమ్మా,

నీ ఉత్తరం వానలవల్ల ఆలస్యంగా, తడిసి వచ్చింది. ఫోన్ చేశాను. నువ్వు ఎత్తి "హలో" అన్నావు. పెట్టేశాను. రాస్తేనే చెప్పగలను.

పరీక్ష ఎలా చేస్తామో నీకు రాయలేదు. గింజలన్నీ కలిపి నూరుతాం. ఆ పిండిని నీళ్లలో కలిపి పట్టీని ముంచుతాం. గుప్పెడు గింజల్లో ఒక్కదానిలో ఆ జన్యువు ఉన్నా రెండో గీత వస్తుంది. ఎన్నిటిలో ఉందో ఆ గీత చెప్పదు. చెప్పాల్సిన అవసరం మాకు లేదు. ఉండకూడని చోట ఒక్కటైనా ఉందా అన్నదే ప్రభుత్వం అడుగుతుంది.

నువ్వు అడిగింది అది కాదు. అన్నీ ఆ రకమేనా అని అడిగావు. నేను ప్రభుత్వానికి చెప్పే జవాబు నీకు చెప్పాను.

సైదులు మామ తెచ్చింది కల్తీ. మామూలు పత్తి గింజల్లో కొన్ని ఆ రకం కలిపి ఉంటారు. పచ్చగా నిలబడినవి ఆ కొన్ని. తక్కినవి మామూలు పత్తి. మందుకు వాటికీ గడ్డికీ తేడా లేదు. అవి తేరుకోవు చిన్నమ్మా. నీళ్లు పెట్టినా, ఎరువు వేసినా తేరుకోవు. సైదులు మామ మాట మీద ఇంకా దేని మీదా ఖర్చు చేయకండి.

ఉంది అంటే విత్తవు అనుకున్నాను. ఆ మాట నిన్ను ఆపుతుందనుకున్నాను. డబ్బా మాట కూడా అంతే. భయపెట్టకుండా, మందును పారబోయమని మాత్రమే రాసి ఉండాల్సింది.

కంపెనీ విత్తనం మొలవకపోతే ఫిర్యాదు చేయొచ్చు, పరిహారం అడగొచ్చు. దీనికి సంచి లేదు, బిల్లు లేదు. ఫిర్యాదు చేయాలంటే ముందు మీరే తప్పు ఒప్పుకోవాలి. అయినా ఎవరైనా వస్తే జరిగింది జరిగినట్టు చెప్పు. మీరు అమ్మినవాళ్లు కాదు, మోసపోయినవాళ్లు. ఇక్కడ మేడమ్‌కు నేను చెబుతాను. చనిపోయిన మొక్కలు కూడా పరీక్ష చేస్తే మోసం బయటపడుతుంది. ఆవిడ వింటే పైవాళ్లకు రాస్తుంది. చెబుతాను చిన్నమ్మా.

చిన్నాయన ఏమంటున్నాడు?

సంధ్య


చండూరు,
30-7-2022

సంధ్యా,

మీ చిన్నాయిన ఏమంటలేడు. నీ ఉత్తరం చదివితే ఆఖరు దాక విన్నడు. ఈసారి యాడ ఆపమనలే.

నువ్వు రాసింది నిజమే. తేరుకోలే. చేనంత నల్లగ కుళ్లింది. నడుమ నడుమ ఆ పచ్చటియి మాత్రం మస్తు ఏపుగ పెరిగినయి. పోటీకి గడ్డి లేదాయె. పూత గూడ పట్టింది. వాటినన్న కాపాడుకుందమని ఎరువు ఏసి మట్టి ఎగదోసినం. ఎవుసం పదిలంగ చేసినం బిడ్డా, ఉన్న నాలుగు మొక్కలకే.

బుధవారం సార్లు వచ్చిన్రు. వ్యవసాయం సారు పడుసు పిలగాడు, మాటల మర్యాద ఉన్నది. చేను చూసి "ఎంత పని చేసినవమ్మా" అన్నడు. నువ్వు చెప్పుమన్నట్టే అంత చెప్పిన. సైదులు పేరు గూడ చెప్పిన. రాసుకున్నడు. పచ్చగున్న చెట్ల ఆకులు తెంపి కవర్ల పెట్టుకున్నడు. "చచ్చినయి గూడ తీసుకపోండి సారూ, అవ్వి వేరే రకమని మా బిడ్డ చెప్పింది" అన్న. "ఎండిన ఆకుల ఏం దొరుకదమ్మా. పరీక్షకు పచ్చియే కావాలె" అన్నడు. నీ పేరు చెప్పలే, భయపడకు.

కవరు కట్టేటందుకు దారం లేదన్నడు. ఇంట్లకు పోయి మీ చిన్నాయిన పాత కండెకెళ్లి చిటికి నూలు తెంపుకొచ్చి ఇచ్చిన. ఇంటికొచ్చినోళ్లు అడిగితే ఇయ్యకుంట ఎట్లుంటం?

ఎనుక ఆ పచ్చటియి పీకెయ్యాలన్నరు. రూలట. విత్తనం ఇంకోదిక్కు పోవొద్దట. పీకెటందుకు కైకిలోళ్లు కావాలంటే ఊర్లె ఎవరున్నరు, గోపమ్మ ముఠానే పిలిచిన్రు. పోయినేడు నేను పిలిస్తే యాళ్లకు రాని మనిషి, ఈసారి నేను పిలువకున్నా వచ్చింది. గట్టు మీద కొంగు నడుంకు చెక్కుకున్నది. నా దిక్కు చూసింది. ఏమన్న అంటదేమోనని నేను తల వంచుకున్న. "ఏం కలుపే రాజమణీ ఇది" అన్నది, గంతే. పూత మీదున్న చెట్లను ఏర్లతోని పీకి కుప్ప వెయ్యవట్టింది. ఆమె ముఠాల ఒక్కతి గూడ పాట ఎత్తుకోలే.

పంచనామా మీద మీ చిన్నాయిన సంతకం పెట్టిండు. ఠాణాకు రమ్మన్నప్పుడల్ల రావాలెనట. ఆసామి ఆ దినమే మనిషితోని చెప్పంపిండు, చెల్క వేరేటోళ్లకు ఇచ్చిన్నని.

గిప్పుడు మీ చిన్నాయిన పూడ్చిన గుంత కాడ కూసుంటుండు. ఎన్కటి తీరుగనే కూసుంటడు. కాళ్లు పెట్టుకునే జాగ లేదని అప్పుడు యాదికొస్తది ఆయనకు. ముడుచుకుంటడు.

మీ మేడముకు చెప్పినవా? ఏమన్నది?

చిన్నమ్మ


హైదరాబాద్,
14-8-2022, ఆదివారం

చిన్నమ్మా,

కవర్ల మీద రైతుల పేర్లు ఉండవు, జిల్లా, సంకేత సంఖ్య మాత్రమే ఉంటాయి. ఎవరిదో మాకు తెలియకూడదని అలా పెట్టారు.

మంగళవారం నా బల్ల మీదికి వచ్చిన వాటిలో ఒక కవరుకు నీలం దారం కట్టి ఉంది. నీలం మధ్యలో తెలుపు, మళ్లీ నీలం. అలా అద్దకం వేసిన నూలు ఆఫీసుల్లో ఉండదు. చిన్నాయన చిటికి కట్టిన నూలు అది. ఏ చీర కోసం కట్టాడో కూడా నాకు గుర్తుంది.

మేడమ్ గదికి వెళ్లాను. ముందే కాగితం మీద రాసుకుని వెళ్లాను, మాట తడబడకుండా. ఇది మా ఇంటిది, నేను చేయకూడదు, చనిపోయిన మొక్కలు కూడా తెప్పించండి, వీళ్లు మోసపోయారు. నాలుగే మాటలు. ఆవిడ ఫోన్‌లో ఉంది. నిలబడ్డాను. ఫోన్ పెట్టి "ఏం సంధ్యా?" అంది. మంచిగానే అడిగింది. చిరాకు పడి ఉంటే చెప్పేదాన్నేమో.

"ఏం లేదు మేడమ్" అన్నాను.

వచ్చి దారం విప్పాను. ఆకులు నూరాను. రెండు గీతలు వచ్చాయి. ఉంది అని రాశాను. సంతకం చేశాను.

నేను చేయకపోతే పక్క బల్ల అమ్మాయి చేసేది, ఆమెకూ రెండు గీతలే వచ్చేవి. ఇది నాకు తెలుసు. తెలిసినా దారం ఇంకా నా దగ్గరే ఉంది. పారేయాల్సిన వాటిలో వేయలేకపోయాను.

నువ్వు జవాబు రాయకపోయినా నేను ఏమీ అనుకోను.

సంధ్య


చండూరు,
3-5-2023

బిడ్డా సంధ్యా,

జవాబు రాయనందుకు మనసుల పెట్టుకోకు. రాద్దమని కూసుంటే ఏం రాయాల్నో అర్థం కాకపాయె. నీ మీద కోపమైతే లేదు. మీ చిన్నాయినకు గూడ లేదు. నువ్వు సంతకం పెట్టిన కాయితం ఠాణాల చూసినం. ఇంగ్లీషుల ఉంటే అక్కడి జవాను చదివి చెప్పిండు, "ఉంది అని రాసిన్రు" అని. ఏడాదినాడు నువ్వు రాసిందే. మీ చిన్నాయిన ఆ సంతకం దిక్కు చూసి "మంచిగ రాస్తది, గుండ్రంగ" అన్నడు.

ఆయన దసరా ఎల్లినంక భివండి పోయిండు. ఆడ కరెంటు మగ్గాలున్నయి. కూసునేది లేదట, నిలవడి చెయ్యాలెనట. ఈ వయసుల నిలవడుడు నేర్చుకుంటున్న అని ఫోన్ల నవ్విండు. అప్పుడప్పుడు కాళ్లు వాస్తున్నయట. నాతోని చెప్పలే, సోపతోడు చెప్పిండు. కేసు పేషీకి కోర్టుకు రావాల్నంటే ఆడికెళ్లి రావాలె.

నేను గోపమ్మ ముఠాల పోతున్న. మంచిగనే చూసుకుంటది. "సాలోళ్ల పిల్ల వేళ్లు సన్నగుంటయి, పత్తి ఏరుట్ల ముందుంటది" అని అందరి ముంగట మెచ్చుకుంటది. కాని ముఠాకే పని తగ్గింది. కలుపుకు పిలిచేటోళ్లు ఏరి? దాడులైనా, కేసులైనా, అందరు గడ్డి మందే కొడ్తున్నరు. కొందరికి మంచి విత్తనం దొరికింది, పంట తీసిన్రు. మనకు దొరకలే. గంతే తేడా.

ఇగ అసలు ముచ్చట. వాగు అవతల ఒకాయన చిన్న చెల్క కౌలుకిస్తనన్నడు. నేను, గోపమ్మ పొత్తుల పట్టినం. ఈ యేడు గూడ పోతే నేను భివండి పోవుడే, ఆమె ఏడికి పోతదో ఆమెకే ఎరుక. బయటి చెల్కలల్ల కైకిలి చేసి, మన చెల్కల కలుపు తీసే బలం ఇద్దరికి లేదు. నేను భయపడి వద్దంటే గోపమ్మనే అన్నది, "నా బతుకంత వంగే ఉన్న, ఒక్క యేడన్న నిలవడి ఎవుసం చేస్త" అని. సైదులు వచ్చిండు. జమానతు మీద బయట ఉన్నడు. మల్ల తెచ్చిండు. ఈసారి అసలైనయి అని బిడ్డల మీద ఒట్టేసిండు.

నేను ఒట్టు నమ్ముతలేను. నువ్వు రాసింది నాకు మంచిగ అర్థమైంది. గుప్పెడు పంపితే అన్ని కలిపి చూస్తరు, ఒక్కటున్నా ఉందంటరు. అందుకే ఈసారి గుప్పెడు పంపలే. మేము పెట్టేటియి ఎన్నున్నయో అన్ని పంపుతున్న. రమ మోసుకొస్తది. నీకు కష్టమే, నాకెరుకే. ఆదివారం ఆదివారం ఇన్ని చూసినా మిరుగు దాక అయితయి. తొందర చెయ్య. ఒక్కొక్క గింజ ఇడిగ చూడు. ఉన్నయి ఒక మూట కట్టు, లేనియి ఒక మూట కట్టు. ఉన్నయే పెడ్తం.

ఇంక నిన్ను ఏమి అడుగ బిడ్డా. గిదొక్కటే.

నీ చిన్నమ్మ


హైదరాబాద్,
7-5-2023, ఆదివారం

చిన్నమ్మా,

చిన్నాయన చిరునామా పంపు. కాళ్లకు ఏ మందో ఇక్కడ అడిగి పంపిస్తాను.

రమ అక్క మూట తెచ్చింది. పెద్దదే. ముడి ఇద్దరు కలిసి వేసినట్టు ఉంది, ఒకటి నీది, పైది గోపమ్మదేమో. పొద్దుటి నుంచి మంచం మీద పెట్టుకుని కూర్చున్నాను.

నీకు అర్థమైంది అంతా సరిగ్గానే ఉంది. ఒక్క మాట మాత్రం నేను ఎప్పుడూ రాయలేదు, నువ్వు అడగలేదు. గింజలో ఉందో లేదో తెలియాలంటే దాన్ని నూరాలి. ఒక్కటైనా అంతే, గుప్పెడైనా అంతే. నూరిన గింజ మొలవదు. ఒక్కొక్కటే విడిగా చూస్తే, మంచి గింజలేవో అన్నీ నీకు చెప్పగలను. విత్తడానికి వాటిలో ఒక్కటి కూడా ఉండదు.

మూట విప్పలేదు. అలాగే రమ అక్క చేతికి ఇస్తున్నాను.

నీ సంధ్య